ఎమ్మారై ఒక్కటుంటే చాలట!

ఆ వాట్సాప్ మెసేజ్ మళ్ళీ వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, చిట్టీల గ్రూపులో ఒకసారి, పొద్దున్నే గులాబీ పువ్వులు పంపే పెదనాన్నల దగ్గర్నుంచి ఇంకోసారి. ‘హైదరాబాద్ పెద్ద డాక్టర్ చెప్పిన నిజాలు’ అట. ఆ పెద్ద డాక్టరుకి పేరు మాత్రం లేదు.

అందులో ఉన్నదిది. ఏడాదికోసారి ఒళ్ళంతా ఎమ్మారై తీయిస్తే గుండె బ్లాకులు, క్యాన్సర్లు, కిడ్నీలో రాళ్ళు అన్నీ ముందే దొరుకుతాయి. ఒక్క ఎమ్మారై 200 ఎక్స్‌రేలతో సమానం, తర్వాత వారం రోజులు కొబ్బరినీళ్ళు తాగాలి. ఒంట్లో ఏ లోహం ఉన్నా స్కాన్ చేయకూడదు. వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బితే ఆపరేషనే. పక్షవాతం వస్తే సీటీ స్కాన్‌కి ఒప్పుకోవద్దు, అది డబ్బు గుంజడానికే, నేరుగా ఎమ్మారై అడగండి. స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి తుంటి నొప్పొస్తే ఎమ్మారై తీయించాలి.

200 ఎక్స్‌రేలంత ప్రమాదాన్ని ఏటా ఎందుకు కొనుక్కోమంటున్నారో ఆ డాక్టరుగారే చెప్పాలి. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలే ఉండవు. అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. కొబ్బరినీళ్ళు తాగండి, ఎండలు బాగానే ఉన్నాయి.

కడుపు మండేది పక్షవాతం పాయింటు దగ్గర. మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. మెదడులో జరిగింది రెండింట్లో ఒకటి: రక్తనాళం రక్తపు గడ్డతో మూసుకుపోయి ఉండాలి, లేదా చిట్లి ఉండాలి. గడ్డయితే కరిగించే ఇంజెక్షన్ ఉంది. చిట్లిన మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం తీస్తుంది. బయట నుంచి చూసి ఏది జరిగిందో చెప్పడం ఎవరివల్లా కాదు. సీటీలో తాజా రక్తం తెల్లగా కనిపిస్తుంది, కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో మొదటి గంటల్లో సీటీ దాదాపు మామూలుగానే ఉండొచ్చు. ‘ఏమీ రాలేదు, డబ్బు దండగ’ అని బంధువులు గొణిగేది అప్పుడే. అయ్యా, ఏమీ రాకపోవడమే అక్కడ కావలసింది! రక్తస్రావం లేదని తేలితేనే ఇంజెక్షన్ మొదలవుతుంది.

ఆ ఇంజెక్షన్‌కి గడువు 4.5 గంటలు. మనం గమనించినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి.   ఈలోపు ‘ఎమ్మారై ఉంటేనే చేయించండి’ అని క్యాజువాలిటీలో పంచాయితీ పెట్టి, సాయంత్రం ఆరింటికి పేషెంటుని కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట స్కాన్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. మూసాపేట సిగ్నల్ దగ్గర మెదడు మీకోసం ఆగుతుంది!

గడ్డ వల్ల దెబ్బతిన్న భాగాన్ని ఎమ్మారై సీటీకన్నా ముందే పట్టేస్తుంది, కాదనను. నిద్రలో పక్షవాతం వచ్చి, ఎప్పుడు మొదలైందో తెలియనివాళ్ళకి ఎంతో పనికొస్తుంది కూడా. కానీ ఎక్కువ సేపు పడుతుంది, కదలకుండా పడుకోవాలి, ముందు లోహాల లెక్క తేలాలి. మాట పడిపోయిన మనిషి ‘నాకు పేస్‌మేకర్ ఉంది’ అని చెప్పగలడా? ఆ నిర్ణయం డాక్టర్లకి వదిలేయండి. 108కి ఫోన్ చేసి, రాత్రీ పగలూ సీటీ నడిచే, ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రికి తీసుకెళ్ళమనండి. స్కాన్ కాకముందు ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దు, నోట్లో నీళ్ళు కూడా పోయొద్దు.

ఇక ఏడాదికోసారి ఫుల్ బాడీ. ఊపిరితిత్తుల్లో గాలే ఎక్కువ, అక్కడి చిన్న మచ్చలకి సీటీయే మేలు. గుండె నాళాల బ్లాకులకి యాంజియోగ్రామ్. ఎమ్మారై చక్కగా చూపేది గుండె కండరంలో మిగిలిన మచ్చని, వాపుని. రాళ్ళకి అల్ట్రాసౌండ్, సీటీ. పెద్దపేగు లోపల పెరిగే పిలకలకి (పాలిప్స్) కెమెరా గొట్టంతో చూసే కొలనోస్కోపీ, దొరికినవి అప్పుడే తీసేస్తారు కూడా. ఫుల్ బాడీలో మీకు ఎక్కువగా దొరికేవి కిడ్నీలో నీటి తిత్తి, లివర్‌లో ఏ హానీ చేయని రక్తనాళాల ముద్ద లాంటివి, ఆ తర్వాత వాటి వెనక ఇంకో నాలుగు పరీక్షలు.

డిస్క్ సంగతి: ఏ నొప్పీ లేనివాళ్ళని స్కాన్ చేస్తే 50 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 60 శాతం మందికి ఉబ్బు కనిపిస్తుంది. కాలు బలహీనపడటం, మూత్రం బిగుసుకుపోవడం ఉంటే తొందరపడాలి. రిపోర్టులో ‘బల్జ్’ అన్న మాట చూసి కాదు.

లోహం దగ్గర మెసేజ్ తప్పు చోట భయపెడుతుంది. టైటానియం రాడ్డు, స్టెంటు, పంటి ఫిల్లింగులతో మామూలుగా ఇబ్బంది లేదు. అవి వేసినప్పుడు ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు చూపిస్తే చాలు, ఆ చోట బొమ్మ కాస్త చెదురుతుంది. భయపడాల్సినవి వేరే. పాత పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్పు, వినికిడి కోసం చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో గ్రైండింగ్ చేసేవాళ్ళ కంట్లో ఎప్పుడో పడి మిగిలిన ఇనుప రజను. అది కదిలితే కన్ను పోతుంది, అందుకే అనుమానముంటే ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు. పుస్తెలతాడు తీసి ఇస్తారు గానీ జాకెట్టుకి లోపల పెట్టుకున్న పిన్నీసు మరిచిపోతారు. అయస్కాంతం కరెంటు పోయినా ఆగదు. 2018 జనవరిలో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో స్కాన్ గదిలోకి వెళ్ళిన యువకుడు చనిపోయాడు. స్కాన్‌కి వచ్చిన రోగి బంధువే అతను.

తుంటి పాయింటు ఒక్కటి మాత్రం అక్షరాలా నిజం, ఇది ఎక్కడ కాపీ కొట్టారో గానీ. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్ళలో, ఏళ్ళ తరబడి మద్యం తాగేవాళ్ళలో తొడ ఎముక తలకి, అంటే తుంటి కీలులో ఉండే గుండ్రటి కొసకి, రక్తం అందక ఎముక లోపల చచ్చుబడుతుంది. మొదట్లో ఎక్స్‌రే బాగానే ఉంటుంది, ఎమ్మారైలో మాత్రం తెలిసిపోతుంది. ఎముక కుంగకముందే దొరికితే రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చికిత్సకి వీలుంటుంది. కుంగితే చాలామందికి చివరికి తుంటి మార్పిడే. అలాంటివాళ్ళకి తుంటిలో, గజ్జల్లో నొప్పి వారాల తరబడి తగ్గకపోతే ఎక్స్‌రే బాగుందని ఆగకండి. స్కాన్ రెండు తుంట్లకీ రాయించుకోండి, రెండో వైపు నొప్పి లేకపోయినా సరే.