ఇవ్వక తప్పని వివరాలకు పూచీ ఎవరిది?

ఇల్లు కొన్నా పొలం అమ్మినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగాలి, వేలిముద్ర వేయాలి. ఇవ్వను అంటే రిజిస్ట్రేషన్ జరగదు. అలా ఇచ్చిన వేలిముద్రలు ఎక్కడెక్కడికి వెళ్లాయో 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టారు. పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్ముకునే ఒక వ్యక్తి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజుల కాపీలు దింపుకున్నాడు. వాటిలోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఎవరెవరి పేర్ల మీదో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. 2022లో సైబరాబాద్ పోలీసులకు దొరికిన ముఠా ఇదే పనిని ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోని దస్తావేజులతో చేసింది. ఈసారి సిమ్‌లతో ఆగలేదు. ఆధార్, వేలిముద్రలతో జరిగే చెల్లింపుల దారిలో జనం బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బే లాగేశారు.

దొంగల మీద కేసులు పెట్టారు. మరి ఆ దస్తావేజులను వేలిముద్రలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టిన శాఖ సంగతేమిటి? బాధితుడు ఆ శాఖను ఏమని నిలదీయాలి? ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ ఉంది. వ్యక్తిగత సమాచారాన్ని అజాగ్రత్తగా ఉంచి నష్టం కలిగిస్తే పరిహారం చెల్లించాలని అది చెబుతుంది. కానీ అది కంపెనీలకే వర్తిస్తుంది, ప్రభుత్వ శాఖలకు కాదు. ఇప్పుడు వస్తున్న డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అంటే డీపీడీపీ చట్టం, పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజు ఆ 43ఏ కూడా రద్దవుతుంది. దాని స్థానంలో పౌరుడికి పరిహారం ఇప్పించే నిబంధన ఏదీ కొత్త చట్టంలో లేదు.

ఇదే నా ప్రధాన అభ్యంతరం. ప్రైవేటు కంపెనీ నచ్చకపోతే యాప్ తీసేయవచ్చు, ఇంకో దుకాణానికి వెళ్లవచ్చు. ప్రభుత్వానికి ఇంకో దుకాణం లేదు. రేషన్, పింఛను, కుల ధ్రువీకరణ, భూమి పాసుపుస్తకం, ఇవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. కాదనే వీలు లేనిచోట తీసుకున్న సమాచారానికి బాధ్యత ఇంకా బరువుగా ఉండాలి. మన చట్టం మాత్రం ప్రభుత్వానికి ఆ బరువును తగ్గించింది.

రిజిస్ట్రేషన్ శాఖ గురించే ఇంకో మాట చెప్పాలి. ఈ దేశంలో గోప్యత హక్కు ఎదిగిన తీరులో మన స్టాంపుల చట్టానికీ ఒక పాత్ర ఉంది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించింది. స్టాంపు సుంకం ఎగ్గొట్టారన్న అనుమానం ఉంటే, కలెక్టర్ అధికారం ఇచ్చిన వ్యక్తి ఎవరైనా సరే బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చు, తీసుకుపోవచ్చు. హైదరాబాద్‌లో కెనరా బ్యాంకు దీన్ని సవాలు చేసింది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తేల్చింది. గోప్యత మనుషులకు ఉండే హక్కు, చోటును బట్టి వచ్చేది కాదని, పత్రాలను బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన వాటి మీద మనిషికి హక్కు పోదని చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు ఈ తీర్పునూ చర్చించారు. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించి పోకూడదు అన్నారు.

ఆ తర్వాత కూడా పాత అలవాటు పోలేదు. 2020లో తెలంగాణ భూ రికార్డుల ధరణి పోర్టల్‌లో వ్యవసాయేతర ఆస్తుల వివరాలతో పాటు ఆధార్, కులం కూడా అడిగారు. ఇల్లు ఎవరిదో నమోదు చేయడానికి కులంతో పనేమిటి? జనం హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ రెండూ అడగవద్దని ఆదేశించింది. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోని డేటాను ఒక యువకుడు దొంగిలించి అమ్మకానికి పెట్టాడు. పార్టీలు మారాయి, రాష్ట్రాలు వేరయ్యాయి. ఇది ఏ ఒక్క ప్రభుత్వం తప్పో అనుకుంటే విషయం అర్థం కాదు.

ఇక కొత్త చట్టం. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది. నిబంధనలు వచ్చింది మాత్రం 2025 నవంబరులో. కంపెనీలు, శాఖలు పాటించాల్సిన అసలు నియమాలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. ప్రభుత్వం దగ్గరున్న సమాచారం తగిన భద్రత లేక లీకైతే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల జరిమానా అనే వార్త మీరు చదివే ఉంటారు. ఆ జరిమానా ఎక్కడికి వెళ్తుందో చూడండి. 34వ సెక్షన్ ప్రకారం మొత్తం భారత సంఘటిత నిధికే, అంటే కేంద్ర ఖజానాకే చేరుతుంది. తప్పు చేసింది కేంద్ర శాఖ అయితే ఒక పద్దులోంచి తీసి ఇంకో పద్దులో వేసినట్టు. రాష్ట్ర శాఖ అయితే రాష్ట్ర ప్రజల పన్నుల డబ్బు కేంద్రానికి పోతుంది. ఖాతా ఖాళీ అయిన మనిషికి ఒక్క రూపాయి రాదు. డేటా రక్షణ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో పరిహారం కోరే హక్కు ఉంది. చివరికి చట్టంగా మారేసరికి అది మాయమైంది. కొత్తగా వచ్చి చేరింది మాత్రం పౌరుడి మీద జరిమానా. చట్టం చెప్పిన బాధ్యతలు తప్పితే, ఉదాహరణకు ఉత్తుత్తి ఫిర్యాదు చేశారని తేలితే, పది వేల రూపాయల దాకా కట్టాలి. చదువు అంతంతమాత్రం ఉన్న మనిషి ఈ ఒక్క మాట వింటే ఫిర్యాదు చేసే ధైర్యం చేస్తాడా?

మినహాయింపుల్లో అందరూ మాట్లాడేది 17వ సెక్షన్‌లోని ఒక భాగం గురించి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థనైనా నోటిఫై చేసి చట్టం నుంచి పూర్తిగా తప్పించవచ్చు. ఉగ్రవాద కేసు దర్యాప్తులో నిందితుడి అనుమతి అడగాలని ఎవరూ అనరు. కానీ ఆ పని ఎంతవరకు అవసరమో చూసే షరతు ఇందులో లేదు. నన్ను ఇంతకంటే కలవరపెట్టేది అదే సెక్షన్‌లో నాలుగో ఉపసెక్షన్. కంపెనీ దగ్గరున్న నా సమాచారాన్ని పని అయిపోయాక తుడిచేయమని అడగవచ్చు. ప్రభుత్వం దగ్గరున్నదాన్ని తుడిచేయమనే హక్కు నాకు లేదు, తుడిచేయాల్సిన బాధ్యత దానికీ లేదు. ఒక సర్వేలో ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలు పదేళ్ల తర్వాత ఇంకో అవసరానికి వాడుకున్నా అడ్డు చెప్పే దారి చాలా సన్నం. ఒకసారి ఒక పథకానికి అనుమతి ఇస్తే ఇంకో పథకానికి మళ్లీ అడగక్కర్లేదని ఏడో సెక్షన్ చెబుతుంది. రాయితీలు, సేవలు ఇచ్చేటప్పుడు శాఖలు పాటించాల్సిన ప్రమాణాలను నిబంధనల రెండో షెడ్యూల్‌లో రాశారు. అవసరమైనంతే తీసుకోవాలి, భద్రంగా ఉంచాలి అంటాయి అవి. మంచి మాటలే. అవి పాటిస్తున్నారో లేదో చూడాల్సిన డేటా ప్రొటెక్షన్ బోర్డు సభ్యులను నియమించేది కేంద్రమే. పదవీకాలం రెండేళ్లు, మళ్లీ నియమించడమూ దాని చేతిలోనే. తనను మళ్లీ నియమించాల్సిన ప్రభుత్వ శాఖ మీద తీర్పు చెప్పమంటే ఎంత నిజాయితీపరుడికైనా కష్టమే.

సమాచారం లీకవడం ఒక్కటే నష్టం కాదు. దాన్ని కలిపి చూసి తప్పుడు నిర్ణయం తీసుకోవడం పేదలకు ఇంకా పెద్ద దెబ్బ. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వాహనాలు, కరెంటు, ఆస్తి పన్ను వంటి రకరకాల శాఖల వివరాలను ఒక్కచోట కలిపి కుటుంబం స్థితిని లెక్కగడుతుంది. 2016 తర్వాత రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు రాలేదు. రేషన్ షాపుకు వెళ్లాక తెలిసింది కార్డు లేదని. పేరు కలిసిన ఇంకెవరిదో కారు తమ లెక్కలో పడి బియ్యం పోగొట్టుకున్న కుటుంబాల గురించి వార్తలొచ్చాయి. 2022లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులపై మళ్లీ క్షేత్రస్థాయి విచారణ జరపమని చెప్పాల్సి వచ్చింది. కంప్యూటర్ అనర్హుడు అన్నంత మాత్రాన సరిపోదు, వెళ్లి చూడండి అని.

ఈ విషయంలో అమెరికా చట్టం ఎప్పుడో ఆలోచించింది. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో వచ్చిన ప్రైవసీ యాక్ట్ ఫెడరల్ ప్రభుత్వ సంస్థల కోసమే చేసినది. వ్యక్తుల రికార్డులు ఏ సంస్థ ఎందుకు ఉంచుతోందో ప్రజలకు ప్రకటించాలి. ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించి నష్టం కలిగిస్తే బాధితుడు కోర్టుకు వెళ్లి కనీసం వెయ్యి డాలర్లు రాబట్టుకోవచ్చు. 1988లో దానికి చేర్చిన సవరణ మనకు మరీ ముఖ్యం. రెండు శాఖల డేటా కంప్యూటర్‌లో పోల్చి ఎవరికైనా సాయం ఆపాలంటే, ముందు ఆ విషయాన్ని విడిగా నిర్ధారించుకోవాలి, ఆ మనిషికి నోటీసిచ్చి తన మాట చెప్పుకునే అవకాశమివ్వాలి. ఈ నియమం మనకుంటే 19 లక్షల కార్డుల కథ వేరేలా ఉండేది. ఆ చట్టాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అది పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికే వర్తిస్తుంది. హెచ్1బీ మీద అక్కడ పన్నులు కడుతున్న మన పిల్లలకు దాని రక్షణ లేదు. అక్కడి లోపం అది. కానీ సాయం ఆపేముందు మనిషిని అడగాలన్న సూత్రం తెచ్చుకోవడానికి మనకేం అడ్డం?

ఇంకొకటి. కొత్త చట్టంలో పౌరుడిని కాపాడే సెక్షన్లు 2027 దాకా ఆగాలి. సమాచార హక్కు చట్టాన్ని మార్చే సెక్షన్ మాత్రం 2025 నవంబరులోనే అమల్లోకి వచ్చేసింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వనంటే, అది ప్రజా వ్యవహారానికి సంబంధం లేనిదనో, అకారణంగా గోప్యతను దెబ్బతీస్తుందనో అధికారి చూపించాలి. ఇప్పుడు వ్యక్తిగతం అన్న ఒక్క మాట చాలు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) సెక్షన్ ఇంకా ఉందని ప్రభుత్వం గుర్తుచేస్తోంది, నిజమే. కానీ ఆ ప్రయోజనాన్ని తూచేది సమాచారం ఇవ్వడం ఇష్టం లేని అధికారే. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో 2006 నుంచి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. గ్రామసభలో మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, పేరుపేరునా చదివితే, పనికి వెళ్లని వారి పేర్లు, అందని కూలి అక్కడికక్కడే బయటపడేవి. పేర్లన్నీ వ్యక్తిగతమే అంటే ఆ సభలో ఏం చదువుతారు? పౌరుడి గోప్యత పేరు చెప్పి ప్రభుత్వం తన లెక్కలు దాచుకోవడం ఆ హక్కుకు జరిగే అవమానం.

సేవలు డిజిటల్ కావద్దని నేను అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి మన మిత్ర అనే ప్రభుత్వ సేవ ద్వారా వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు వస్తున్నాయంటే, మండలాఫీసు చుట్టూ తిరిగే కూలికి ఒక రోజు పని మిగిలినట్టే. ఆ సౌకర్యం ఇస్తున్నప్పుడే బాధ్యత కూడా రాసివ్వాలి.

అందుకు రాష్ట్రాలు కేంద్రం కోసం ఆగక్కర్లేదు. ఏ శాఖ డేటా ఏ శాఖతో కలుస్తోందో, ఎందుకో, ఎన్నాళ్లు ఉంచుతారో తెలుగులో ప్రకటించవచ్చు. నోటీసు, విచారణ లేకుండా కార్డు, పింఛను ఆపకూడదని అసెంబ్లీలో చట్టమే చేయవచ్చు. డేటా రక్షణ చట్టంలో పరిహారం సెక్షన్ మళ్లీ చేర్చడం మాత్రం పార్లమెంటు పని. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు, వారిలో కేంద్రాన్ని నిలబెడుతున్న కూటమి వారూ ఉన్నారు. 2027 మే గడువు దాటేలోపు ఆ సవరణ కోసం పట్టుబడతారా అని ఓటు అడగడానికి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే వారిని అడగాలి.