రొయ్యకి కట్టిన వల బిడ్డకి కట్టలేమా?

మాది నెల్లూరు దగ్గర మైపాడు వైపు ఊరు. గట్టెక్కి చూస్తే కనుచూపు మేరా రొయ్యల గుంటలే. మాకూ రెండు ఉన్నాయి. అందుకని ఇందులో రాసే తప్పుల్లో నా వాటా కూడా ఉంది.

పోయిన ఏడాది వేసవి పంటప్పుడు మా పక్క గుంట కాపలా వాళ్ల బాబు నీళ్లలో పడి చనిపోయాడు. రెండున్నరేళ్లు. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. నాన్న మేత చల్లుతున్నాడు. అమ్మ షెడ్డు వెనక అన్నం వారుస్తోంది. బాబు షెడ్డు ముందర ఖాళీ మేత సంచి మీద కూర్చుని కొబ్బరిచిప్పతో మట్టి పోసుకుంటూ ఆడుకుంటున్నాడు. ఆమె గంజి వార్చి, కుండ దించి వచ్చేసరికి చిప్ప ఉంది, బాబు లేడు.

"మే, పిల్లోడు యాడ ఉండాడు?" అని అవతలి గట్టు మీద నుంచి ఆయన అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఎవరికీ ఏ చప్పుడూ వినపడలేదు. గుంట నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటే ఏం వినపడుతుంది? తర్వాత ఒక డాక్టరుగారు చెప్పారు, అవి ఆపేసి ఉన్నా వినపడేది కాదట. అంత చిన్న పిల్లలు నీళ్లలో పడితే కేక వేయలేరు. ఊపిరి అందనివాళ్లకి గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? మనం మాత్రం "ఏదైనా అయితే అరుస్తాడులే" అనే ధైర్యంతో పని చేసుకుంటూ ఉంటాం.

నాన్న దూకాడు. బిడ్డని పట్టుకున్నాడు కూడా. కానీ అది ప్లాస్టిక్ షీటు పరిచిన గుంట. నల్ల షీటు మీద పాచి పట్టి నూనె రాసినట్టు ఉంటుంది. ఒక చేత్తో బిడ్డని పైకెత్తి, ఇంకో చేత్తో గట్టు పట్టుకోబోతే జారి మళ్లీ నీళ్లలోకే. ఒకటికి నాలుగుసార్లు. మేము పరిగెత్తుకుని వెళ్లి పంచె విసిరితే దాన్ని పట్టుకుని వచ్చాడు. పట్టుకోవడానికి ఒక తాడు ఉండి ఉంటే ఆ నిమిషాలు మిగిలేవి.

ఒడ్డుకి తెచ్చాక ఏం చేశాం? ఊళ్లో అందరూ చేసేదే. ఒక పెద్దాయన బాబుని కడుపు ఆనేలా నెత్తిన పెట్టుకుని గిరగిరా తిప్పాడు. నీళ్లు కక్కించాలని. ఆయన మంచి మనసుతోనే చేశాడు, ఆ రోజు నేనూ పక్కన నిలబడి "ఇంకోసారి తిప్పు మామా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. తిప్పకూడదు, తలకిందులుగా పట్టుకోకూడదు, కడుపు నొక్కకూడదు. మునిగిన బిడ్డకి కావాల్సింది ఊపిరి. చదునైన నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, శ్వాస లేకపోతే ముందు నోట్లోకి గాలి ఊదాలి. ఆ వెంటనే రొమ్ము మధ్యలో నొక్కాలి, 30 నొక్కులకు 2 ఊదులు చొప్పున, 108 వచ్చేదాకా ఆపకుండా. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు ఫోన్ చేయాలి. ఇది చదివి వదిలేసే సంగతి కాదు, ఒక పూట కూర్చుని బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. మా ఊళ్లో ఆ రోజు నలభై మంది పోగయ్యాం, ఒక్కరికి కూడా రాదు.

మూడో రోజు నుంచి ఊరంతా ఒకటే మాట. "నూకలు చెల్లినాయి, మనమేం చేస్తాం." నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ గుంట చుట్టూ వల ఉంది. పీతలు లోపలికి పోకుండా మోకాలెత్తు వల, అడుగు భాగం మట్టిలో పాతి మరీ కట్టారు. పైన కొంగలు, నీటికాకులు వాలకుండా తీగలు లాగారు. ఒక పీత పాకి వస్తే, ఒక పక్షి రొయ్యను నోటకరుచుకొచ్చి పడేస్తే వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు అంటుకుంటుందని భయం. భయం తప్పు కాదు, లక్షల అప్పు దాని మీద ఉంటుంది. కానీ అదే గట్టు మీద, కాపలా షెడ్డుకి ఎదురుగా, మేత తట్టలు దించుకోవడానికి వీలుగా రెండు బారల మేర వల కట్టకుండా వదిలేశారు. బాబు వెళ్లింది ఆ సందులోంచే. పీత వచ్చే దారి అన్ని చోట్లా మూసి, బిడ్డ ఆడుకునే చోట మాత్రం దారి తెరిచి పెట్టాం. ఇందులో నూకల ప్రసక్తి ఎక్కడుంది?

మా గుంటలకీ అలాంటి సందే ఉండేది. ఆ సాయంత్రమే వెళ్లి చూశాను.

కాపలా కుటుంబాల సంగతి కూడా చెప్పాలి. మా వైపు చాలా గుంటల మీద కాపలా ఉండేది యానాది కుటుంబాలే. ఆలుమగలిద్దరూ ఉండాలి, పగలూ రాత్రీ ఉండాలి, గట్టు మీదే ఉండాలి అని పెట్టుకుంటాం. అలా పెట్టుకుని, పిల్లాడు పోగానే "తల్లి చూసుకోవద్దా" అంటాం. ఏ కంటితో చూసుకోవాలి ఆమె? మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో కూర్చోబెట్టవచ్చు. నడక వచ్చి పరుగు నేర్చే ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకి అక్కడ ఇచ్చేది ఇంటికి తీసుకెళ్లే సరుకులే. ఆ వయసు పిల్లల్ని పగటిపూట ఒకచోట ఉంచి చూసే ఏర్పాటు మా ఊళ్లో లేదు.

బంగ్లాదేశ్‌లో కూడా మనలాగే ఇంటి గుమ్మం దిగితే నీళ్లు. చిన్న పిల్లలు ఎక్కువగా మునిగేది పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య, అమ్మలు పనిలో ఉండే వేళ అని వాళ్లు గమనించారు. సరిగ్గా ఆ వేళల్లోనే ఊళ్లో ఒక ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి చూసుకునే ఏర్పాటు చేశారు. ఆంచల్ అంటారు, అంటే కొంగు. దానివల్ల ఆ వయసు పిల్లల మరణాలు బాగా తగ్గాయి. కాస్త పెద్ద పిల్లలకి చెరువులోనే వెదురు కట్టి ఈత నేర్పారు. మన దగ్గర కూడా 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మాట రాశారు. పని జరిగేచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే, ఒక ఆడమనిషిని వాళ్లని చూసుకోవడానికే పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని. మట్టి పనికి అవసరమని ఒప్పుకున్నది రొయ్యల పనికి ఎందుకు అక్కర్లేకుండా పోయింది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు దాదాపు 3 లక్షల మంది, అందులో నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. ఇది గుంటల ఊళ్ల గొడవే అనుకోకండి. నెల్లూరు టౌన్‌లో మూత లేని సంపు, బాత్‌రూమ్‌లో నిండా ఉన్న బకెట్ కూడా ఏడాది పిల్లకి చెరువే. పెన్నలో ఇసుక తవ్విన గుంతలు పైకి మోకాల్లోతులా కనపడి అడుగేస్తే నిలువులోతు ఉంటాయి. చీమకుర్తి వైపు వదిలేసిన క్వారీ గుంతల్లో వాన నీళ్లు నిలిస్తే పెద్ద పిల్లలు ఈతకి పోతారు, ఎక్కిరావడానికి మెట్టు ఉండదు. కనిగిరి, మార్కాపురం పల్లెల్లో నీళ్లు పడని బోరుని గోనెసంచి కప్పి వదిలేస్తారు. వదిలేసిన బోరుని అడుగు నుంచి పైదాకా మట్టి, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ట్రాక్టర్ మట్టితో అయ్యే పని అది. బిడ్డ పడ్డాక జేసీబీలు, ఎన్డీఆర్ఎఫ్, కెమెరాలు, రాత్రంతా టెన్షన్. ఆ ట్రాక్టర్ ఎవరూ ముందు తోలరు.

మేము చేసింది చెప్తాను, గొప్ప కోసం కాదు, ఎంత తక్కువ ఖర్చో తెలియాలని. షెడ్డు ముందర సందుకి నడుమెత్తు తడిక తలుపు పెట్టి, గొళ్లెం బయటివైపు పైన బిగించాం. షెడ్డు చుట్టూ పాత వలతోనే దడి కట్టాం, పిల్లలు అందులో ఆడుకుంటారు. గుంటకి నాలుగు వైపులా గుంజ పాతి, అడుగుకొక ముడి వేసిన తాడు నీళ్లలోకి వదిలాం, చివర ఖాళీ క్యాన్ కట్టి. రెండేళ్ల బిడ్డ తాడు పట్టుకుని ఎక్కి రాలేడు, అది నాకూ తెలుసు. బిడ్డ కోసం దూకినవాడు ఎక్కి రావడానికి అది. రెండు గుంటలకీ కలిపి అయిన ఖర్చు రెండు మూడు మేత బస్తాల ధర కూడా లేదు. ఊళ్లో ఒక అవ్వ ఇంటి వసారాలో ఏడుగురు పిల్లలు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఉంటున్నారు. ఆమెకి నెలకి ఇంతని గుంటల వాళ్లం తలా కొంత వేసుకుంటున్నాం. ఇద్దరు ఇవ్వనన్నారు, "మా కాపలా వాళ్లకి పిల్లల్లేరు" అని. అయినా జరుగుతోంది.

ఆ తల్లి ఇప్పుడు మా ఊళ్లో లేదు. అల్లూరు వైపు వేరే గుంట మీద కాపలాకి పోయారట, మళ్లీ కడుపుతో ఉందని చెప్పారు. ఆ గుంట యజమాని ఎవరో కనుక్కుంటున్నాను. మా దగ్గర తాడు రెండు చుట్టలు మిగిలింది. ఈ ఆదివారం బండి మీద వేసుకుని వెళ్తున్నాం, గుంజలు పాతడానికి ఇంకో ఇద్దరు కావాలి. పొద్దున ఆరుకి రామాలయం దగ్గర ఉంటాం.