గనిలో ప్రమాదం జరిగితే తప్పంతా కార్మికుడిదేనా?

విశాఖలో, ముఖ్యంగా గాజువాక, కూర్మన్నపాలెం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బొగ్గు గనుల్లో ప్రమాదాలన్నీ కార్మికుల నిర్లక్ష్యం వల్లే. గని లోపల భద్రత చూసే సర్దార్, అతని పైన ఉండే ఓవర్‌మ్యాన్ చేసేది పుస్తకంలో సంతకాలు పెట్టడమే. సెన్సర్లు వచ్చాక వాళ్లతో పనే లేదు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రూల్స్ ఉత్పత్తికి అడ్డం పడుతున్నాయి. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచి నేల తవ్వుకుంటూ పోయే గనిలో, అయితే అసలు ప్రమాదమే లేదు.

నేను ఓవర్‌మ్యాన్‌గా పనిచేసినవాణ్ణి. విశాఖలో బొగ్గు గని లేదు, నిజమే. కానీ పరవాడలో సింహాద్రి ప్లాంటు నడిచేది తాల్చేరు నుంచి వచ్చే బొగ్గుతో. మన పిల్లలు సింగరేణికి, ఒడిశా గనులకు ఉద్యోగాలకు వెళ్తున్నారు. సర్దార్ పరీక్షకు చదువుతున్న కుర్రాళ్లే దీన్ని పంచుకుంటుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ముందు ఆ ‘నిర్లక్ష్యం’ సంగతి చూద్దాం. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. పైనున్న పాత పనుల్లో, అంటే తవ్వి వదిలేసిన చోట్ల, నిలిచిపోయిన నీరు అది. ఆ 375 మందిలో ఎవరిది నిర్లక్ష్యం? నీళ్లు నిండిన పాత గని ఎంత దూరంలో ఉందో చెప్పేది ప్లాను, అంటే గని మ్యాపు. ఆ ప్లాను ఉండేది మేనేజర్ ఆఫీసులో, సర్వేయర్ దగ్గర. బొగ్గు ఎత్తేవాడి చేతికి అది ఎప్పుడూ రాదు. నీళ్లున్న పాత పనులకు 60 మీటర్ల లోపు వెళ్లాలంటే గనుల భద్రత డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, అనుమతి కావాలి. ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ కదలాలి. ఆ పని యాజమాన్యానిది. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలో 17 మందిని పొట్టన పెట్టుకున్నదీ నీళ్లే.

కార్మికుడు తప్పే చేయడని నేను అనను. బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకెళ్లడం నేరం. సపోర్టు లేని కప్పు కిందకి వెళ్లడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అయితే సపోర్టు సమయానికి వేయించాల్సింది ఎవరు? ప్రమాదం ఉన్న చోట కంచె కట్టించాల్సింది ఎవరు? 2020 మే 7 తెల్లవారుజామున మన వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. నిద్రలో ఉన్న జనానిదే నిర్లక్ష్యం అని విశాఖలో ఎవరైనా అనగలరా? గని విషయానికి వచ్చేసరికి మాత్రం అంత తేలిగ్గా ఎలా అంటున్నారు?

ఇక సంతకాల ఉద్యోగం అన్న మాట. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. షిఫ్టు మొదలవడానికి ముందు రెండు గంటల లోపు సర్దార్ తన డిస్ట్రిక్ట్, అంటే గనిలో తనకు అప్పగించిన భాగం, అంతా తిరగాలి. మనుషులు పనిచేసే ప్రతి చోటూ, వాళ్లు నడిచే దారులూ చూడాలి. కర్రతో కప్పును తట్టి వినాలి. గట్టిగా ఉన్న రాయి ఖంగుమంటుంది, పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. భూగర్భ గనుల్లో ఎంతోకాలంగా ఎక్కువ ప్రాణాలు తీస్తూ వచ్చింది కప్పు కూలడమే. ఆ శబ్దాన్ని గుర్తుపట్టే చెవి తయారవడానికే ఏళ్లు పడుతుంది.

తర్వాత గ్యాస్. మీథేన్‌కు రంగూ వాసనా ఉండవు. గాలికంటే తేలిక కాబట్టి కప్పు దగ్గర, పైకి గుంటపడ్డ చోట్ల చేరుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న రవ్వ చాలు. అంతదాకా రానివ్వకూడదనే 1.25 శాతం దగ్గరే కరెంటు ఆపి మనుషుల్ని బయటికి తీయాలని నిబంధన. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటకూడదు. ఇవన్నీ చూశాకే సర్దార్ రిపోర్టు రాసి సంతకం పెడతాడు. ‘ఈ షిఫ్టులో ఇక్కడికి మనుషుల్ని పంపవచ్చు, నాది పూచీ’ అని చట్టం ముందు చెప్పడం అది. ప్రమాదం కనిపిస్తే ఎవర్నీ అడక్కుండా పని ఆపి అందర్నీ వెనక్కి పంపాల్సిన బాధ్యత కూడా అతనిదే. తర్వాతి షిఫ్టు సర్దార్ వచ్చి చార్జ్ తీసుకునేదాకా, లేదా పైవాళ్లు అనుమతిచ్చేదాకా, డిస్ట్రిక్ట్ వదిలి పోకూడదు. ఒకవైపు టన్నుల కోసం పైనుంచి ఒత్తిడి, మరోవైపు తనను నమ్మి లోపలికి వచ్చిన మనుషులు. ఆ టెన్షన్ పడనివాళ్లే దీన్ని సంతకాల ఉద్యోగం అనగలరు.

సెన్సర్లు ఉన్నాయి కదా అంటారు. ఉండాలి, ఇంకా రావాలి. కానీ సెన్సర్ తాను వేలాడుతున్న చోట గాలిని మాత్రమే కొలుస్తుంది. పది అడుగుల అవతల కప్పు గుంటలో చేరిన గ్యాస్ దానికి తెలియదు. కాలిబ్రేషన్ తప్పితే చెప్పేదీ తప్పే. 1965 మే 28న ధోరి గనిలో పేలుడు 268 మందిని చంపింది. అక్కడ అంటుకున్నది బొగ్గు ధూళి. నేల మీద, గోడల మీద ధూళి ఎంత పేరుకుంది, మంట పాకకుండా దాని మీద రాతిపొడి చల్లారా, నీళ్లు కొట్టారా అన్నది మీథేన్ సెన్సర్ చెప్పదు. నడిచి చూసిన మనిషే చెప్పాలి.

బ్రిటిష్ రూల్స్ అన్నది సగం నిజం. తొలి గనుల చట్టం 1901లో వచ్చింది. ఆ తర్వాత 1952 చట్టం మనమే చేసుకున్నాం. 1957 బొగ్గు గనుల నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ 1952 చట్టాన్నీ కలిపారు. ఎవరో మరచిపోయి వదిలేసిన పాత కాగితాలు కావివి.

ఓపెన్‌కాస్ట్‌లో ప్రమాదమే లేదన్నవాళ్లకు 2016 డిసెంబర్ 29 చెబితే చాలు. జార్ఖండ్‌లో రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి కొండ జారి 23 మంది చనిపోయారు. బెంచి (తవ్వకంలో వదిలే మెట్టు) ఎత్తు, వాలు, మట్టి ఎక్కడ పోస్తున్నారు, అంచుల్లో పగుళ్లు వచ్చాయా అని అక్కడా ఎవరో రోజూ చూడాలి.

ఆ మెసేజ్‌లో ఒక్క విషయం మాత్రం కొట్టిపారేయలేను. తిరగకుండానే రిపోర్టు రాసేవాళ్లు ఉన్నారు. అది ఆ ఉద్యోగాన్ని ఎత్తేయడానికి కారణం కాదు, నిబంధన ఉల్లంఘన. దాన్ని పట్టుకోవడానికి దారులు కూడా ఉన్నాయి. 500 మంది, అంతకు మించి పనిచేసే గనిలో కార్మికుల తరఫున భద్రత తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉండాలి. వంద మంది దాటితే సేఫ్టీ కమిటీ ఉండాలి. ఉద్యోగంలో చేరబోయే తమ్ముళ్లు మొదటి వారంలోనే ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరో, కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడిగి తెలుసుకోండి. సర్దార్ రిపోర్టులో రాసిన గ్యాస్ శాతానికీ, అదే షిఫ్టులో సెన్సర్ చూపించిన అంకెకూ తేడా కనిపిస్తే కమిటీలో లేవనెత్తించి మినిట్స్‌లో రాయించండి.