ఏడాదంతా ఆడవే, మరి ఎర ఎవరికి?

ఇంగ్లండ్‌లో కెంట్ అంటే యాపిల్ తోటలకు పేరు. అక్టోబర్ నెల, కోత దాదాపు అయిపోయింది. అక్కడ తోటల్లో పురుగుల లెక్క చూసే ఉద్యోగం బావమరిదిది. నూజివీడు దగ్గర మామిడి తోట ఉన్న బావ, లండన్‌లో కూతురింటికి వచ్చి, ఒకరోజు ఇటు వచ్చాడు. ఒక కొమ్మకి గాజు పళ్ళెం వేలాడుతోంది. అందులో సబ్బు నీళ్ళు, వాటి మీద ఒక చిన్న సీసా. వాదన అక్కడ మొదలైంది.

బావ: ఏంటిది, లింగాకర్షక బుట్టా? మేమూ పెడతాంగా పండు ఈగకి. మగ ఈగల్ని లాగే మిథైల్ యూజినాల్‌లో నానబెట్టిన ప్లైవుడ్ ముక్క వేలాడదీస్తే మర్నాటికల్లా అడుగున గుప్పెడు ఈగలు. నీ పళ్ళెంలో ఏవో నాలుగు నలుసులు తేలుతున్నాయి అంతే.

బావమరిది: ఆ నాలుగే నాక్కావాలి బావా. అవి చెట్టు రసం పీల్చే పేనుబంకలో మగవి. ఆడది వెనక కాళ్ళు పైకెత్తి, ఆ కాళ్ళ మీంచే వాసన వదులుతుంది. మగదాన్ని పిలిచే ఆ వాసనే ఈ సీసాలో ఉంది. అందులో ముఖ్యమైనవి నెపెటలాక్టోన్, నెపెటలాక్టాల్ అని రెండు. రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం వాళ్ళు 1987లో తేల్చారు. తమాషా ఏంటంటే, పిల్లులు మీద పడి పొర్లాడే క్యాట్‌మింట్ మొక్క ఉంది చూడండి, మన కుప్పింట వేరు దగ్గర పిల్లులు చేసే గోలే అక్కడా చేస్తాయి, దాన్లో ఉండేదీ ఈ నెపెటలాక్టోనే.

బావ: పిల్లుల సంగతి తర్వాత చూద్దాం. పేనుబంకలో మగదేంటి? మిరపలో, పత్తిలో నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, మగది ఒక్కటీ కనపడలేదు.

బావమరిది: ఎలా కనపడుతుంది? మన వేడికి దానికి మగదాంతో పనే లేదు. మగది లేకుండానే ఆడది ఆడపిల్లల్ని కంటూ పోతుంది, అదీ గుడ్డు కాదు, నడిచే పిల్లే. ఇక్కడ మాత్రం పగలు తగ్గి చలి మొదలైతే మగవి పుడతాయి, జత కడతాయి, ఆడవి మొగ్గల దగ్గర నల్లటి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లే శీతాకాలం దాటి బతికేవి.

బావ: అయితే నువ్వే ఒప్పేసుకున్నావ్. చెట్టుని పీల్చేది ఆడవి. అవి పీల్చేది ఏప్రిల్, మే నెలల్లో. నీ ఎరకి పడేది మగవి, అదీ అక్టోబర్‌లో, కాయ అమ్మేశాక. ధాన్యం ఇంటికొచ్చాక చేలో మంచె వేసినట్టుంది. మా పండు ఈగ అలా కాదు, ఇవాళ బుట్టలో ఎక్కువ పడ్డాయంటే ఇవాళే జాగ్రత్తపడతాం.

బావమరిది: మందు ఏ రోజు కొట్టాలో వసంతంలో చెప్పే పని ఈ ఎరది కాదు, అది నిజమే, అలా చెప్పుకుని అమ్మేవాడుంటే నమ్మకండి. కానీ రోజీ యాపిల్ ఎఫిడ్ అనే పేనుబంక తిరుగుడు చూడండి. వసంతంలో గుడ్డు పగిలి బయటికొచ్చి ఆకు ముడిచేస్తుంది, కాయలు ఎదగక గుత్తుల్లోనే వంకర తిరిగిపోతాయి, కొనేవాడుండడు. ఎండాకాలానికి తోట వదిలేసి ప్లాంటెయిన్ మీదకి ఎగిరిపోతుంది. అరటి అనుకునేరు, గట్ల మీద మొలిచే కలుపది, మన ఇసబ్‌గోల్ జాతి. మళ్ళీ ఇప్పుడు, ఈ చలి మొదట్లో, యాపిల్ మీదకి తిరిగొస్తుంది. మొదట వచ్చే రెక్కల ఆడది గుడ్డు పెట్టదు, గుడ్డు పెట్టే ఆడపిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు ఎదిగి గుడ్డు పెట్టేలోపు పట్టుకుంటే వచ్చే ఏడు తలనొప్పి సగం తగ్గినట్టే.

బావ: ఎవరు ముందు వస్తారు, ఆడా మగా?

బావమరిది: ...ఆడవే. మగవి కాస్త వెనక.

బావ: చూశావా మరి! దొంగ లోపలికి వెళ్ళాక మోగే గంట నీది.

బావమరిది: వెళ్ళాకే, కానీ మూట కట్టకముందు. ఈ చలిలో ఆ పిల్లలు ఎదగడానికి వారాలు పడుతుంది, అదే మాకు దొరికే టైం. వసంతంలో ఆకు ముడుచుకున్నాక లోపలికి మందు చేరదు. పైగా 2018లో యూరోపియన్ యూనియన్ అంతా ఆరుబయట ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వాడకం ఆపేశారు, అప్పటికి ఇంగ్లండూ అందులోనే ఉంది. మీకు కొట్లో అడగ్గానే ఇస్తారు, ఇక్కడ కుదరదు.

బావ: గాలిలో ఎగిరేవాటిని పీల్చి లెక్కపెట్టే గొట్టాలున్నాయని కార్లో వస్తూ చెప్పావుగా, అవి చాలవా?

బావమరిది: రోథామ్‌స్టెడ్ వాళ్ళవి, 12.2 మీటర్ల ఎత్తు. 1964 నుంచి నడుస్తున్నాయి. జిల్లా మొత్తానికి పురుగు జోరు ఎలా ఉందో చెబుతాయి, ఈ తోట సంగతి చెప్పవు.

(బావ చేతిలో కుంచె తీసుకుని, నీళ్ళలోంచి ఒక నలుసుని ఎత్తి వేలిగోటి మీద పెట్టుకున్నాడు. భూతద్దం కింద పొడుగాటి పారదర్శకపు రెక్కలు, నల్లటి సన్నటి ఒళ్ళు.)

బావ: సరే, ఇది నువ్వు చెప్పే రోజీయేనా?

బావమరిది: ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెడితేగానీ చెప్పలేను. చాలా జాతులకి వాసన ఈ రెండింటితోనే, పాళ్ళే తేడా. పక్క కంచె మీంచి వచ్చిన వేరే జాతి మగది కూడా ఇందులో పడుతుంది.

బావ: పచ్చ పేనుబంక ఇందాక చూపించావే, దాని సంగతో?

బావమరిది: దాని మగదానికి రెక్కల్లేవు, ఏడాదంతా యాపిల్ మీదే ఉంటుంది. అది పడదు.

బావ: రైతుకి రెండూ పేనుబంకే కదరా. ఒకటి పడదు, పడ్డది ఏదో తెలీదు. మరి ఈ కందిరీగ పిల్లలాంటిదేంటి?

(బావమరిది కాసేపు మాట్లాడలేదు.)

బావమరిది: అది మన పక్షం. పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని లోపల్నుంచి తినేసే రకం. ఆ వాసన పట్టుకునే పేనుబంకని వెతుక్కుంటుంది, అందుకే ఇటొచ్చి మునిగింది. ఈ ఒక్క విషయంలో నాకూ మనసొప్పదు. పళ్ళేలు తక్కువ పెడతాను, వారం రెండు వారాల్లో సంగతి తెలియగానే తీసేస్తాను. నీళ్ళు లేకుండా ఈ వాసన సీసాలు మాత్రమే కట్టి వీటిని తోటలోకి పిలవచ్చనేది ఇంకో దారి, దాని మీద పరిశోధనలు జరిగాయి.

బావ: అదైతే ఒప్పుకుంటా. చంపే పళ్ళెం కంటే పిలిచే సీసా మేలు. లెక్కకైతే నా కళ్ళు చాలు.

(వరస వెంట నడుస్తూ ఆకులు తిప్పడం మొదలుపెట్టాడు. చివరికి ఒక ఆకు అడుగున, నడి ఈనె పక్కన, నాలుగైదు లేత పిల్లలు.)

బావ: ఇదిగో! నీ సీసా లేకుండానే దొరికాయి.

బావమరిది: ఎన్ని ఆకులు తిప్పారు?

బావ: లెక్కపెట్టలేదు. ఒక యాభై ఉంటాయి.

బావమరిది: ఈ తోటలో చెట్లు వేలల్లో ఉన్నాయి బావా, నేనొక్కణ్ణి. ఎక్కడ తిప్పాలో కాకపోయినా, ఎప్పటి నుంచి తిప్పాలో పళ్ళెం చెబితే నాకదే పదివేలు.

బావ: సరేలే, నీ బాధ నీది. ఒక సీసా ఇవ్వు, పట్టుకెళ్తా.

బావమరిది: మిరపకా? అక్కడ మగవే ఉండవని గంట నుంచి చెప్తున్నా కదా!

బావ: మిరపకి కాదురా, మీ అక్క పెంచే పిల్లికి.