పీవీ గారి పహాణీ

ఊళ్లో భూమి తగాదా గట్టు దగ్గర పుట్టి కోర్టులో ముసలిదవుతుంది. పాములపర్తి వెంకట నరసింహారావు గారి తగాదా మాత్రం ఆయన పోయాక పుట్టింది. ఆయన మంచిలో, చెడులో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి ఒక పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో చెప్పే రికార్డు, రాసిపెడితే ప్రజలకు మేలని నేనే పూనుకున్నాను.

ఇది పొలాల పహాణీ కాదు. పొలాలకు ఆయనే సీలింగ్ పెట్టారు. 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితి బిల్లు తెచ్చారు, 1973 జనవరికల్లా కుర్చీ పోయింది. కారణం ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధన) గొడవ, జై ఆంధ్ర ఉద్యమం అని పుస్తకాల్లో ఉంటుంది. సీలింగ్ దెబ్బ తగిలిన పెద్దలు ఆ గొడవలో ఎందరున్నారో రాద్దామంటే పహాణీలో ఆ కాలమ్ లేదు.

మొదటి సర్వే నంబరు 1991. రెండు పంటల మాగాణి. ఆ ఏడాది ఆయన సాధారణ ఎన్నికల్లో నిలబడలేదు, పుస్తకాలు మూటగట్టుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకున్నారు. రాజీవ్ గాంధీ హత్య జరగడంతో, ఎంపీ కూడా కాని మనిషి జూన్ 21న ప్రధాని అయ్యారు. ఖజానాలో డాలర్లు కొద్ది వారాల దిగుమతులకే సరిపోతాయి. జూలై 24న, 18 రకాల పరిశ్రమలకు తప్ప లైసెన్స్ అక్కర్లేదన్న విధానాన్ని సహాయమంత్రి చేత చడీచప్పుడు లేకుండా సభలో పెట్టించారు. ఆ పరిశ్రమల శాఖ పీవీ గారి చేతిలోనే ఉండేది. సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు. దేశానికి సాయంత్రం ఒక్కటే గుర్తుండిపోయింది. అప్పట్నుంచి పట్టాదారు మన్మోహన్ గారు, పీవీ గారు కౌలుదారు. 2020లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు (భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే) కాలమ్ కూడా ఎత్తేశారు కాబట్టి అప్పుడు అడిగే దిక్కు కూడా లేకపోయింది.

రెండో నంబరు 1992 డిసెంబరు 6, అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చిన రోజు. దీనికి హద్దు రాళ్లు పాతక్కర్లేదు, మొత్తం పీవీ గారి పేరు మీదే. కూల్చినవాళ్లు, మసీదుకు ఏమీ కాదని సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చిన యూపీ ముఖ్యమంత్రి, కేంద్ర కేబినెట్‌లో పక్కన కూర్చున్న మంత్రులు, ఒక్కరూ ఒక్క గుంట వాటా అడగలేదు. ఇంత త్యాగం అన్నదమ్ముల మధ్య కూడా చూడం. ఆ రోజు ప్రధాని చేష్టలుడిగిపోవడం తప్పే, దాన్ని నేను మాఫీ చేయను. కానీ పంపకాల్లో అంతా ఒక్కడికే రావడం ఎక్కడి న్యాయం?

మూడో నంబరు 1993, ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ఓట్లు డబ్బిచ్చి కొన్నారన్న కేసు. 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. రికార్డు క్లియర్. కొనేవాళ్లు లేరు.

ఇక వారసులు. 1984లో హనుమకొండలో ఆయన్ను ఓడించింది బీజేపీ. దేశం మొత్తం మీద ఆ పార్టీకి ఆ ఏడాది దక్కిన రెండు సీట్లలో అదొకటి. సరిగ్గా 40 ఏళ్లకు, 2024లో, ఆ పార్టీ ప్రభుత్వమే భారతరత్న ఇచ్చింది. వడ్డీతో సహా అనుకోవాలి. తెలుగువాడు ప్రధాని అయ్యాడని, ఆయన నిలబడ్డ 1991 నంద్యాల ఉప ఎన్నికలో పోటీ పెట్టని ఎన్టీఆర్ పార్టీకీ కొంత హక్కుంది. శతజయంతి జరిపి, నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టిన టీఆర్ఎస్‌కు ఇంకొంత.

మరి సొంత ఇల్లు? 2004 డిసెంబరులో ఆయన పార్థివదేహం ఢిల్లీలో కాంగ్రెస్ ఆఫీసు ముందు ఆగింది. గేటు తీయలేదు. ఇప్పుడు అదే పార్టీవాళ్లు మా పీవీ, మా పీవీ అంటూ జయంతికి దండలు పట్టుకొస్తారు. తాళం చెవి అప్పట్లో ఎవరి జేబులో ఉందో ఈ 20 ఏళ్లలో ఎవరికీ దొరకలేదు.

హైదరాబాద్ జనానికి ఈ తగాదా పట్టదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లు పైచిలుకు ఫ్లైఓవర్ ఆయన పేరు మీద ఉంది. ఫ్లైట్ టైమ్ దగ్గరపడితే ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి "పీవీ ఎక్కావా లేదా?" అని టెన్షన్ పడతారు. ఎక్కొచ్చు. దానికి గేటు లేదు.