క్రూయిజ్‌కు చాలిన నీళ్లు బార్జీకి చాలవు

2023 జనవరి 13న వారణాసి నుంచి ఎంవీ గంగా విలాస్ అనే క్రూయిజ్ ఓడ బయల్దేరినప్పుడు దేశమంతా ఆసక్తిగా చూసింది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన 32 మంది పర్యాటకులు, 27 నదులు, బంగ్లాదేశ్ మీదుగా అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా 3,200 కిలోమీటర్లు. ఫిబ్రవరి ఆఖరుకు ఓడ గమ్యం చేరింది. మధ్యలో బిహార్‌లోని ఛప్రా దగ్గర నీళ్లు చాలక ఆగిందని వార్తలొచ్చాయి, అధికారులు కాదన్నారు. ఆ వివాదం ఎలా ఉన్నా, ఆ ఓడ నీళ్లలో మునిగే లోతు 1.4 మీటర్లే. సరుకు నింపుకున్న పెద్ద బార్జీకి, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవకు, దాదాపు రెట్టింపు కావాలి. అందుకే టూరిస్టు ఓడ వెళ్లింది కాబట్టి వాణిజ్యానికి దారి సిద్ధమైందనుకోవడం తొందరపాటు.

పశ్చిమ బెంగాల్‌లోని హల్దియా రేవు నుంచి ప్రయాగ్‌రాజ్ దాకా 1,620 కిలోమీటర్ల గంగను 1986లోనే మొదటి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఇందులో వారణాసి దాకా 1,500 నుంచి 2,000 టన్నుల ఓడలు తిరగాలన్న లక్ష్యంతో, ప్రపంచ బ్యాంకు రుణంతో జల్ మార్గ్ వికాస్ ప్రాజెక్టు మొదలైంది. దాని ప్రకారం హల్దియా నుంచి బిహార్‌లోని బార్హ్ వరకు 3 మీటర్లు, అక్కడి నుంచి గాజీపూర్ వరకు 2.5, వారణాసి వరకు 2.2 మీటర్ల లోతు ఉండాలి. 2018లో వారణాసి టెర్మినల్‌ను, మరుసటి ఏడాది సాహిబ్‌గంజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. టెర్మినల్ కడితే శిలాఫలకం పెట్టుకోవచ్చు. నది అడుగున ఇసుక తవ్వే పనికి అది కుదరదు, పైగా వచ్చే వరదకు ఇసుక మళ్లీ వచ్చి కూర్చుంటుంది. వెదురు తడికలు పాతి ప్రవాహాన్ని ఒక పాయలోకి మళ్లించే పాత పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారంటే, ఈ పని ఏటా చేయాల్సిందేనని అర్థం. బడ్జెట్‌లో దాన్నే మొదటి ఖర్చుగా చూడాలి.

అంతర్జాతీయ వాణిజ్యం సంగతికొస్తే, అసలు కథ బంగ్లాదేశ్‌తో ఉంది. 1965 యుద్ధం దాకా అస్సాం తేయాకు, జనపనార తూర్పు పాకిస్తాన్ మీదుగా స్టీమర్లలో కలకత్తా చేరేవి. యుద్ధంతో ఆ దారి మూతపడింది. ఈశాన్య రాష్ట్రాలు సిలిగురి దగ్గరి ఇరుకు దారి మీదే ఆధారపడాల్సి వచ్చింది. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1972లో రెండు దేశాలు నదీ రవాణా ప్రొటోకాల్ కుదుర్చుకున్నాయి. 2020 మేలో దాన్ని విస్తరించి మార్గాలను 8 నుంచి 10కి, ఒక్కో దేశంలో ఓడలు ఆగే రేవులను 6 నుంచి 11కి పెంచారు.

కాగితం మీద ఇది చక్కటి ఒప్పందం. కానీ ఈ దారిలో ఎక్కువగా వెళ్తున్నదేమిటో చూడండి: మన థర్మల్ కేంద్రాల బూడిద. బంగ్లాదేశ్ సిమెంటు ఫ్యాక్టరీలకు అది ముడిసరుకు. మోసే ఓడల్లో అత్యధికం బంగ్లాదేశ్‌వే, అవి మన వైపు ఖాళీగా వచ్చి బూడిద నింపుకుని పోతాయి. లారీ వ్యాపారం తెలిసినవారికి రిటర్న్ లోడు లేని ట్రిప్పు ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. నీటి రవాణాలో ఇంధనం ఎంతో ఆదా అవుతుందన్న లెక్కలు నిజమే, అయితే అవి నిండుగా నడిచే ఓడకు వేసినవి. ఒకవైపు ఖాళీగా తిరిగితే ఆ లాభంలో చాలా భాగం నీళ్లపాలే.

సరుకు సరిగ్గా దొరికిన చోట ఈ దారి ఎంత ఉపయోగపడుతుందో 2019 జులైలో కనిపించింది. భూటాన్ కంకరను లారీల్లో అస్సాంలోని ధుబ్రీకి తెచ్చి, అక్కడ ఎంవీ ఏఏఐ అనే ఓడలో వెయ్యి టన్నులు నింపి, బ్రహ్మపుత్ర మీదుగా బంగ్లాదేశ్‌లోని నారాయణగంజ్‌కు పంపారు. రోడ్డు మీద ఇదంతా సుమారు 70 లారీల బరువు. సముద్రమే లేని భూటాన్‌కు, రాళ్లు దొరకని డెల్టా దేశమైన బంగ్లాదేశ్‌కు మధ్య మన నది వారధి అయింది. ఇలాంటి జంటలను వెతకడమే ఇప్పుడు చేయాల్సిన పని.

జాతీయ జలమార్గాల్లో సరుకు 2013-14లో 1.8 కోట్ల టన్నులుంటే 2024-25కి 14.5 కోట్ల టన్నులు దాటిందని కేంద్రం చెబుతోంది. అంకె పెద్దదే. అయితే అందులో చెప్పుకోదగ్గ భాగం గుజరాత్, మహారాష్ట్రల్లో సముద్రపు పోటు ఎక్కే నదీముఖాలది. దాన్ని చూపించి గంగ మీద విజయం సాధించామనుకోవడం సరికాదు.

మన ఆంధ్రలోనూ పరిస్థితి ఇంతే. ధవళేశ్వరం నుంచి తీసిన కాలువలను కాటన్ పడవలు నడిచేలా కూడా కట్టించాడు, ఆ లాకులు కొన్ని ఇంకా ఉన్నాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, గోదావరి, కృష్ణలను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఇప్పటికీ డెల్టా బియ్యం లారీల్లోనే కాకినాడ రేవుకు వస్తుంది. ఓడలు తీరానికి దూరంగా లంగరేసే యాంకరేజ్ పోర్టులో బార్జీకెక్కి ఓడ చేరుతుంది. చివరి కొద్ది దూరంలోనే నీటి ప్రయాణం!

పర్యాటకం విషయంలో నా అభ్యంతరం వేరే. లక్షల రూపాయల టికెట్ కొనే విదేశీయుల ఓడ గట్టున ఉన్న ఊళ్లకు పెద్దగా ఏమీ మిగల్చదు. తిండి, పడక అన్నీ ఓడలోనే. చిన్న లాంచీలు, ఊరూరా ఆగే ప్రయాణాలైతే కొంత డబ్బు గట్టుకు దిగుతుంది, కాకపోతే అక్కడ భద్రత పక్కాగా ఉండాలి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన సంగతి మనం మర్చిపోలేం. నదికీ హద్దులున్నాయి. బిహార్‌లో ఈ జలమార్గం విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం గుండానే పోతుంది. 2014 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ సుందర్‌బన్స్‌లోని షేలా నదిలో ట్యాంకర్ మునిగి మూడు లక్షల లీటర్లకు పైగా ఇంధన నూనె ఒలికింది.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న రాజకీయం. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారాక సంబంధాలు చెడ్డాయి. 2025 మేలో బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు సరిహద్దు చెక్‌పోస్టుల గుండా రాకుండా భారత్ ఆంక్షలు పెట్టింది. యూరప్‌లో రైన్ నది మీద ఏ దేశపు ఓడైనా స్వేచ్ఛగా తిరగొచ్చన్న మాన్‌హైమ్ ఒప్పందం 1868 నాటిది, రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత కూడా నిలిచింది. ఆ నమ్మకంతోనే అక్కడ వ్యాపారులు ఓడల మీద డబ్బు పెడతారు. రేపు దారి మూస్తారేమోనన్న టెన్షన్ ఉంటే మన దగ్గర ఎవరు పెడతారు?

పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర గంగ నీటిని బంగ్లాదేశ్‌తో పంచుకునే 1996 నాటి ఒప్పందానికి 2026 డిసెంబర్‌తో గడువు తీరుతుంది. అది జనవరి నుంచి మే దాకా నీళ్ల పంపకం గురించి. ఓడలకు లోతు చాలనిది కూడా దాదాపు ఆ నెలల్లోనే. నీళ్ల చర్చ ఒక శాఖ, ఓడల చర్చ మరో శాఖ విడివిడిగా జరిపితే లాభం లేదు. కొత్త ఒప్పందం రాసేటప్పుడు ఎండాకాలంలో ఓడలకు ఎంత లోతు ఉండాలో, దాని తవ్వకం ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో కూడా అందులోనే తేల్చాలి.