పెరిగేది ఊపిరితిత్తులా, ఊదే బలమా?

ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. గుండెల నిండా గాలి పీల్చుకోగానే టెక్నీషియన్ గొంతు పెంచుతారు: "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి!" ఆరు సెకన్లయ్యేసరికి నాకు కళ్లు బైర్లు కమ్మాయి. ఊపిరితిత్తుల పనితీరును కొలిచే ఈ స్పైరోమెట్రీ పరీక్షలో కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదించి, మెరుగైన అంకెను తీసుకుంటారు. అంటే ఆ అంకెలో ఊపిరితిత్తులతోపాటు మన ప్రయత్నమూ కలిసే ఉంటుంది. ప్రాణాయామం చేస్తే ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతుందనే మాటను ఇక్కడి నుంచే పరిశీలించాలి.

ఊపిరితిత్తుల ఎదుగుదల 20-25 ఏళ్లకు పూర్తవుతుంది. కొన్నేళ్లు నిలకడగా ఉండి, ఆపైన మెల్లగా తరుగుదలే. వేగంగా, బలంగా గాలి పీల్చి వదిలే భస్త్రిక ప్రాణాయామం ఎంత చేసినా పెద్దవాళ్లలో ఊపిరితిత్తులు కొత్తగా పెరగవు. రక్తంలో ఆక్సిజన్ సంగతీ అంతే. ఆరోగ్యంగా ఉన్నవారిలో అది ఎలాగూ 95 నుంచి 100 శాతం ఉంటుంది. నిండిన కుండలో ఇంకెన్ని నీళ్లు పోస్తాం?

మరి మారేది ఏమిటి? కండరాలు. పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్య సంస్థ పరిశోధకులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో 12 వారాలు యోగా నేర్చుకున్న విద్యార్థులకు గాలి పీల్చే బలం, వదిలే బలం, ఊపిరి బిగపట్టే సమయం పెరిగాయి. ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం), పక్కటెముకల మధ్య కండరాలు సాధనతో గట్టిపడటం నిజమైన లాభమే. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ రోజూ శ్వాస సాధన చేసేవారు గొట్టంలో ఊదడంలోనూ ఆరితేరతారు. అందుకే యోగా చేయనివారితో మాత్రమే పోలిస్తే సరిపోదు, ఈతగాళ్లతోనూ గాయకులతోనూ పోల్చి చూడాలి.

ఈ తేడా తెలియకపోతే నష్టం జరుగుతుంది. పది సెకన్లు ఊపిరి బిగపట్టగలిగితే కరోనా లేనట్టేనన్న సందేశం 2020లో ఎన్ని ఫోన్లకు చేరిందో! వ్యాధి సోకినా చాలామంది, ముఖ్యంగా యువకులు, అంతసేపు సులువుగా బిగపట్టగలరు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది నెమ్మది శ్వాస లెక్క. నిమిషానికి 12 సార్లు, అర లీటరు చొప్పున పీలిస్తే మొత్తం 6 లీటర్లు. ప్రతి శ్వాసలోనూ సుమారు 150 మిల్లీలీటర్లు శ్వాసనాళాల్లోనే ఉండిపోయి రక్తానికి అందకుండా బయటికి పోతాయి. పనికొచ్చేది 4.2 లీటర్లు. ఒక ముక్కు రంధ్రం తర్వాత మరోదానితో నెమ్మదిగా శ్వాసించే నాడీశోధనలో శ్వాసను నిమిషానికి ఆరుకు తగ్గించి, ఒక్కోసారి 850 మిల్లీలీటర్లు తీసుకుంటే, అదే 4.2 లీటర్ల పనికి 5.1 లీటర్లు పీల్చుకుంటే చాలు.